కీ ఎవరి దగ్గరుంది?

2020 మార్చి 29న లినక్స్ కెర్నల్ 5.6 విడుదలైంది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలై అప్పటికి నాలుగు రోజులే. కెర్నల్ విడుదల మామూలుగా ఆ రంగంలో ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ పట్టదు. ఈసారి అందులో వైర్‌గార్డ్ అనే కొత్త భాగం చేరింది. ఇంటర్నెట్ అనే అందరి దారిలో మనకు మాత్రమే పనికొచ్చే గుప్తమార్గం, అంటే వీపీఎన్, వేసుకునే పనిముట్టు అది. సరిగ్గా ఆ వారాల్లోనే ఊరూరా ఆఫీసులకు అలాంటి మార్గం అవసరపడింది.

గోదావరిఖనిలో ఆ రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే పిల్లలు ల్యాప్‌టాప్‌లు సంచుల్లో వేసుకుని యైటింక్లైన్ కాలనీకి, సెంటినరీ కాలనీకి, ఎన్టీపీసీ జ్యోతినగర్‌కు చేరారు. బొగ్గు అత్యవసర సరుకు కాబట్టి తవ్వకం పూర్తిగా ఆగలేదు. నాన్న బాయికి డ్యూటీకి పోతుంటే కూతురు క్వార్టర్ ముందుగదిలో కుర్చీ వేసుకుని ‘వీపీఎన్ పడిపోయింది’ అని మేనేజర్‌కు మెసేజ్ పెట్టుకుంటూ ఉండేది. ప్రభుత్వమూ కొంచెం దారి ఇచ్చింది. మార్చి 13న కేంద్ర టెలికం శాఖ కాల్ సెంటర్ల వంటి సంస్థలకు ఇంటి నుంచి పని చేయించే షరతులు సడలించింది. అంతదాకా ఇంట్లో కూర్చున్న ఉద్యోగిని ఆఫీసుతో కలపాలంటే సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి, అనుమతి ఉన్న టెలికం కంపెనీ దగ్గర కొన్న ప్రత్యేక వీపీఎనే వాడాలి. సడలింపు వచ్చాక సంస్థలు తమ వీపీఎన్ తామే ఏర్పాటు చేసుకునే వీలు కలిగింది.

అలా ఏర్పాటు చేసుకోవడం ఇప్పుడు పది పదిహేను లైన్ల పని. చేసినదాన్ని నిలబెట్టుకోవడం మాత్రం వేరే పని. ఈ అధ్యాయంలో మొదటిదానికి అవసరమైనంత చోటే ఇచ్చి రెండోదాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

వీపీఎన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది యూట్యూబ్ ప్రకటన: బటన్ నొక్కగానే మీరు ఎవరికీ కనిపించరు, ఏ దేశంలో కావాలంటే ఆ దేశంలో ఉంటారు. అది ఒక వ్యాపారం. అసలు పని ఇంకా సాదాసీదా. కంప్యూటర్ పంపే ప్రతిదీ ప్యాకెట్లుగా వెళ్తుంది. ప్రతి ప్యాకెట్ మీద ఎక్కడి నుంచి, ఎక్కడికి అనే రెండు చిరునామాలుంటాయి. వీపీఎన్ ఆ ప్యాకెట్‌ను లోపలి సమాచారంతో, చిరునామాలతో సహా ఎన్‌క్రిప్ట్ చేసి ఇంకో ప్యాకెట్ కడుపులో పెడుతుంది. బయటి ప్యాకెట్ మీద కొత్త చిరునామాలుంటాయి: మీ ఇంటి ఇంటర్నెట్ చిరునామా, అవతలి సర్వర్ చిరునామా. దారిలో ఉన్న ఇంటర్నెట్ కంపెనీకి ఈ ఇంటి నుంచి ఆ సర్వర్‌కు ఇన్ని గంటలకు ఇంత పరిమాణంలో ఏదో వెళ్లిందన్న సంగతి తెలుస్తుంది. ఏం వెళ్లిందో తెలియదు. అవతలి సర్వర్ పైపొర విప్పి లోపలి ప్యాకెట్‌ను దాని దారిన పంపిస్తుంది.

అంటే మాయం కావడం ఉండదు. నమ్మకం ఒకరి దగ్గర నుంచి మరొకరి దగ్గరికి మారుతుంది, అంతే. అద్దె వీపీఎన్ వాడితే మీ ఇంటర్నెట్ కంపెనీకి తెలియనిది ఆ వీపీఎన్ కంపెనీకి తెలుస్తుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఒక ఆదేశం ఇచ్చింది. వీపీఎన్ సేవలమ్మే కంపెనీలు ఖాతాదారుల పేర్లు, చిరునామాలు, వాళ్లకిచ్చిన ఐపీల వివరాలు ఐదేళ్లు భద్రపరచాలన్నది అందులో ఒక అంశం. కొన్ని విదేశీ కంపెనీలు ఆ షరతుకు ఒప్పుకోక భారత్‌లోని సర్వర్లు ఎత్తేశాయి. సంస్థలు తమ ఉద్యోగుల కోసం నడుపుకునే వీపీఎన్‌లకు ఆ నిబంధన వర్తించదని తర్వాత వివరణ వచ్చింది. మనం మాట్లాడుకుంటున్నది ఈ రెండో రకం గురించి.

సింగరేణి ప్రాంతంలో ఈ రెండో రకం ఎందుకు అవసరమో మ్యాప్ చూస్తే తెలుస్తుంది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడు, 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. ఆ తర్వాత గోదావరి లోయ వెంట గనులు బారులు తీరాయి. సింగరేణి బొగ్గు సంస్థ హెడ్డాఫీసు కొత్తగూడెంలో, రామగుండంలో మూడు ఏరియాలు, అడ్రియాల లాంగ్‌వాల్, ఇంకా పైన మందమర్రి, బెల్లంపల్లి, జైపూర్‌లో కరెంటు కేంద్రం, 2025 నుంచి ఒడిశాలో నైనీ గని. ఇంత దూరాన విస్తరించిన ఏ సంస్థకైనా ఒకే పద్దు, ఒకే జీతాల పట్టీ ఉండాలంటే రెండు దారులున్నాయి. టెలికం కంపెనీ దగ్గర ప్రత్యేక లైను అద్దెకు తీసుకోవడం ఒకటి. అందరూ తిరిగే ఇంటర్నెట్ మీదుగానే ఎన్‌క్రిప్షన్ పొరలో పంపడం రెండోది. పెద్ద సంస్థలు మొదటిదాన్నో రెంటినీ కలిపో వాడతాయి. మనకు పాఠం చెప్పేది చిన్న ఆఫీసు.

గోదావరిఖని చౌరస్తా దగ్గర ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు ఉందనుకుందాం. జూలై వస్తే చాలు, షిఫ్టు దిగిన కార్మికులు ఫారం 16 పట్టుకుని వరసలో నిలబడే చోటు. ఒక మూలన పాత డెస్క్‌టాప్, దాని మీద డెబియన్ లినక్స్, దాన్లో వందల మంది జీతాల కాగితాలు, పాన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు. యజమాని కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, రాత్రిపూట రిటర్నులు తనూ చూస్తానంటాడు. ఆ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టడం మహా పొరపాటు. ప్రపంచం నలుమూలల నుంచి పాస్‌వర్డ్ ఊహించే ప్రోగ్రాములు నిమిషాల్లో తలుపు తట్టడం మొదలుపెడతాయి.

పైగా తెరిచి పెడదామన్నా సాధారణంగా కుదరదు. ఇంటర్నెట్ కంపెనీల దగ్గర ఐపీవీ4 చిరునామాలు చాలవు. అందుకని చాలా కంపెనీలు ఎన్నో ఇళ్లకు కలిపి ఒకే బయటి చిరునామా ఇచ్చి, లోపల 100.64 దగ్గర మొదలయ్యే వరసలోని చిరునామాలు పంచుతాయి. బయటి నుంచి మీ ఇంటికి నేరుగా వచ్చే దారి ఉండదు. దీనికి పరిష్కారం రెండు వైపులవాళ్లూ తామే వెళ్లి కలుసుకునే మధ్య చోటు, అంటే నెలకు కొద్ది వందల రూపాయలకు దొరికే అద్దె సర్వర్. దానికి సొంత పబ్లిక్ చిరునామా ఉంటుంది. ముంబైలోనో హైదరాబాద్‌లోనో తీసుకోవచ్చు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన క్లౌడ్ రీజియన్ తెరిచింది. ఖనికి హైదరాబాద్ రోడ్డు మీద సుమారు 225 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు రమారమి 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి ఆ దూరానికి ఒక మిల్లీసెకనుకు కాస్త పైన. మిగతా ఆలస్యమంతా దారిలోని రౌటర్లది.

పనిముట్టు ఏది? 1996లో మైక్రోసాఫ్ట్‌లో గుర్‌దీప్ సింగ్ పాల్ తదితరులు రూపొందించిన పీపీటీపీ చాలాకాలం విండోస్‌తోపాటే వచ్చేది. 2012 నాటికి దాని తాళం ఒక్క రోజులో తీయొచ్చని తేలిపోయింది, ఇప్పుడు దాని జోలికి పోకూడదు. ఐపీసెక్ గట్టిదే. ప్రభుత్వాలు, బ్యాంకులు, రౌటర్ కంపెనీలు దాన్నే నమ్ముకున్నాయి. కానీ సెట్టింగులు కొండంత, రెండు కంపెనీల పెట్టెలను కలపాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. 2001లో జేమ్స్ యోనన్ ఓపెన్‌వీపీఎన్ రాశాడు. మధ్య ఆసియా దేశాల్లో తిరుగుతూ అమెరికాలోని ఆఫీసుతో పని చేస్తున్నప్పుడు తన సమాచారం ఎవరెవరి తీగల మీదుగా పోతోందో అన్న బెంగ దానికి మూలం. ఇప్పటికీ అది బాగానే పనిచేస్తుంది.

2016లో జేసన్ డోనెన్‌ఫెల్డ్ వైర్‌గార్డ్‌ను బయటపెట్టాడు. మొత్తం సుమారు 4,000 లైన్ల కోడ్. పాత పద్ధతులవి, వాటి ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలతో కలిపితే, లక్షల్లో ఉంటాయి. నాలుగు వేల లైన్లను ఒక మనిషి కూర్చుని చదవగలడు, తప్పులు పట్టగలడు. ఇంకో తెగింపు కూడా ఉంది. ఎన్‌క్రిప్షన్ విధానం ఎంచుకునే అవకాశాన్నే డోనెన్‌ఫెల్డ్ తీసేశాడు. కీలకు కర్వ్25519, సమాచారానికి చాచా20, ప్యాకెట్‌ను దారిలో ఎవరూ ముట్టుకోలేదని తేల్చడానికి పాలీ1305. ఇవే, వీటి బదులు వేరేవి ఎంచుకునే వీలు లేదు. పాత పద్ధతుల్లో ఎన్నో వీపీఎన్‌లు దెబ్బతిన్నది బలహీనమైన ఎంపికను ఎవరో టిక్ చేసి వదిలేయడం వల్లే. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2018లోనే దీన్ని బాహాటంగా మెచ్చుకున్నాడు. ఆయన అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు.

ఇప్పుడు ఏర్పాటు. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే చెబుతున్నాను. యంత్రం ముందు కూర్చున్నప్పుడు మాన్యువల్ పేజీలో అసలు రూపాలు దొరుకుతాయి.

వైర్‌గార్డ్ ప్యాకేజీ ఎక్కించాక ప్రతి యంత్రంలోనూ ఒక జత కీలు పుట్టించాలి. ‘డబ్ల్యూజీ జెన్‌కీ’ ప్రైవేట్ కీ ఇస్తుంది, దాన్నుంచి ‘డబ్ల్యూజీ పబ్‌కీ’ పబ్లిక్ కీ తీస్తుంది. కీ పొడవు 32 బైట్లు, రాతలో 44 అక్షరాలు. ప్రైవేట్ కీ పుట్టిన యంత్రం దాటకూడదు. దాన్ని వాట్సాప్‌లో పంపినరోజు వీపీఎన్ పెట్టుకోవడం మానేసినా ఒకటే. ఫైలు అనుమతులు 600 ఉండాలి, అంటే రూట్ తప్ప ఎవరూ చదవకూడదు. పబ్లిక్ కీని మాత్రం చౌరస్తాలో బోర్డు మీద రాసినా నష్టం లేదు.

తర్వాత సర్వర్‌లో ఒక ఫైలు. పై సగంలో తన గురించి: లోపలి చిరునామా 10.44.0.1, వినే పోర్టు 51820, తన ప్రైవేట్ కీ. కింద ఒక్కొక్క యంత్రానికీ ఒక పేరా: దాని పబ్లిక్ కీ, దానికి అనుమతించిన చిరునామా. ఖని డెస్క్‌టాప్‌కు 10.44.0.2, హైదరాబాద్ ల్యాప్‌టాప్‌కు 10.44.0.3. అవతలి రెండు యంత్రాల్లోనూ ఇలాంటి ఫైలే, అందులో సర్వర్ పబ్లిక్ కీ, దాని బయటి చిరునామా, పోర్టు ఉంటాయి. 25 సెకన్లకోసారి చిన్న ప్యాకెట్ పంపుతూ ఉండమనే కీప్‌అలైవ్ లైను కూడా రాయాలి. అది లేకపోతే ఇంటర్నెట్ కంపెనీ పెట్టె కాసేపటికి ఈ సంభాషణను మరిచిపోతుంది, సర్వర్ నుంచి ఖనికి దారి మూసుకుపోతుంది. సర్వర్ ఒకరి ప్యాకెట్‌ను ఇంకొకరికి అందించాలి కాబట్టి కెర్నల్‌లో ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చేయాలి. ఫైర్‌వాల్‌లో 51820 పోర్టు తెరవాలి, అదీ యూడీపీకి. అలవాటు కొద్దీ టీసీపీకి తెరిచి గంటలు పోగొట్టుకునేవాళ్లు కొల్లలు. ఆఖరున సిస్టమ్‌డీకి చెప్పి పెడితే కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతట అదే లేస్తుంది.

ఇందులో ఒక్క లైనును నిలబడి చూడాలి: అనుమతించిన చిరునామాలు, వైర్‌గార్డ్ భాషలో అలౌడ్ ఐపీస్. ఆ ఒక్క లైను రెండు పనులు చేస్తుంది. ప్యాకెట్ బయటికి పోతున్నప్పుడు అది దారి చూపిస్తుంది: 10.44.0.2కు పోవాల్సింది ఫలానా కీతో ఎన్‌క్రిప్ట్ చేసి ఫలానా చోటికి పంపు. ప్యాకెట్ లోపలికి వస్తున్నప్పుడు అదే కాపలా కాస్తుంది: ఫలానా కీతో వచ్చిన ప్యాకెట్ లోపల 10.44.0.2 తప్ప వేరే పేరు చెప్పుకుంటే పారేయి. కీ, చిరునామా అలా ముడిపడి ఉంటాయి. అందువల్ల వీపీఎన్ లోపల ఒక యంత్రం ఇంకో యంత్రంలా నటించలేదు. ఫైర్‌వాల్‌లో పేజీలకొద్దీ రాసే నియమాలు ఇక్కడ ఒక్క లైనులో ఇమిడిపోయాయి. నా లెక్కలో వైర్‌గార్డ్ గొప్పతనం వేగం కన్నా ఈ లైనే.

అదే లైను తప్పు రాస్తే వింతలు జరుగుతాయి. ల్యాప్‌టాప్‌లో 10.44.0.0/24 అని రాస్తే ఆఫీసు పని మాత్రమే వీపీఎన్ గుండా పోతుంది. 0.0.0.0/0 అని రాస్తే సినిమాలు, క్రికెట్‌తో సహా అన్నీ ఆ అద్దె సర్వర్ మీద పడతాయి, నెల తిరగకముందే డేటా పరిమితి అయిపోతుంది. సర్వర్‌లో ఇద్దరికి ఒకే చిరునామా రాస్తే రెండోవాళ్లకు దక్కుతుంది, మొదటివాళ్లకు చెప్పాపెట్టకుండా దారి పోతుంది. లోపలి చిరునామాలకు 192.168.1 తీసుకోకపోవడం మంచిది. ఇంటి రౌటర్లలో చాలావాటికి అదే ఉంటుంది, రెండూ గుద్దుకుంటాయి.

ఇక తప్పులు వెతకడం. వైర్‌గార్డ్ స్వభావం మౌనం. తనకు తెలియని కీతో ఎవరొచ్చినా జవాబివ్వదు, ‘పో’ అని కూడా అనదు. స్కాన్ చేసే దొంగకు అక్కడ అసలు పోర్టు ఉన్నట్టే కనిపించదు. భద్రతకు అది వరం, కొత్తగా నేర్చుకునేవాళ్లకు శాపం. ఏదీ పనిచేయదు, ఏ ఎర్రరూ రాదు.

అప్పుడు చూడాల్సింది ‘డబ్ల్యూజీ షో’. అందులో చివరి హ్యాండ్‌షేక్, అంటే రెండు యంత్రాలు కలిసి కొత్త తాళం కుదుర్చుకోవడం, ఎప్పుడైందో, ఎన్ని బైట్లు పోయాయో, ఎన్ని వచ్చాయో ఉంటుంది. హ్యాండ్‌షేక్ కోసం పంపే మొదటి సందేశం సరిగ్గా 148 బైట్లు. దానికి జవాబు 92 బైట్లు. పంపింది 148, 296, 444 అని పెరుగుతూ వచ్చింది సున్నా దగ్గరే ఉంటే మీ యంత్రం తలుపు కొడుతోంది, అవతల ఎవరూ తీయడం లేదని అర్థం. అప్పుడు ముందుగా అనుమానించాల్సినవి మూడు: ఫైర్‌వాల్, తప్పు చిరునామా, తప్పు కీ. రెండు వైపులా సక్రమంగా సాగుతుంటే సుమారు రెండు నిమిషాలకోసారి కొత్త హ్యాండ్‌షేక్ కనిపిస్తుంది. మూడు నిమిషాలు దాటిన పాత తాళంతో అది ఏ సమాచారమూ పంపదు.

ఇంకో రకం తప్పు: పింగ్ వెళ్తుంది, లాగిన్ అవుతుంది, పెద్ద ఫైలు తెరవగానే అంతా కొయ్యబారిపోతుంది. ఇది ప్యాకెట్ సైజు గొడవ. మామూలు దారిలో ప్యాకెట్ 1,500 బైట్ల దాకా ఉండొచ్చు. పైపొరకు ఐపీవీ4లో 60, ఐపీవీ6లో 80 బైట్లు పోతాయి. అందుకే వైర్‌గార్డ్ సాధారణంగా లోపలి ప్యాకెట్‌కు 1,420 అని హద్దు పెట్టుకుంటుంది. ఇంటి ఫైబర్ కనెక్షన్ పీపీపీఓఈ పద్ధతిలో ఉంటే దారే 1,492కు తగ్గుతుంది, అప్పుడు హద్దు 1,412 చేయాలి. చిన్న ప్యాకెట్లు ఎలాగైనా దూరిపోతాయి, పెద్దవి ఇరుక్కుంటాయి. పింగ్ వస్తోంది కదా అని లైను బాగుందని తీర్మానించేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

నాకు బాగా నచ్చిన తప్పు పాత డెస్క్‌టాప్‌లలో వస్తుంది. మదర్‌బోర్డు మీద గుండ్రటి సీమోస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. కరెంటు పోయి వస్తే గడియారం పదేళ్లు వెనక్కి పోతుంది. వీపీఎన్ లేవదు. సెట్టింగులు నిన్నటివే, కీలు నిన్నటివే. కారణమేమంటే, ఎవరో పాత హ్యాండ్‌షేక్‌ను రికార్డు చేసి మళ్లీ వినిపించి మోసం చేయకుండా వైర్‌గార్డ్ ప్రతి హ్యాండ్‌షేక్‌లోనూ సమయం రాస్తుంది. సర్వర్ ప్రతి కీకి తాను చూసిన ఆఖరి సమయాన్ని గుర్తుంచుకుంటుంది, అంతకన్నా పాతది వస్తే నకలనుకుని పారేస్తుంది. పదేళ్ల కిందటి తేదీతో వచ్చిన మన డెస్క్‌టాప్ దాని కళ్లకు దొంగే. గడియారాన్ని ఇంటర్నెట్ నుంచి సరిచేసుకుంటుందిలే అనుకుంటే, 0.0.0.0/0 రాసి సమస్తమూ వీపీఎన్ గుండానే పోవాలని పెట్టి ఉంటే ఆ దారీ మూసుకుంటుంది. సమయం కావాలంటే వీపీఎన్ లేవాలి, వీపీఎన్ లేవాలంటే సమయం కావాలి. గడియారం బ్యాటరీ లేని రాస్ప్‌బెర్రీ పై బోర్డులతోనూ ఇదే తంటా. ఆ బ్యాటరీ ఖరీదు యాభై రూపాయల లోపే.

సర్వర్ చిరునామా బదులు డొమైన్ పేరు రాసినవాళ్లకు ఇంకో ముప్పు ఉంది. వైర్‌గార్డ్ ఆ పేరును లేచేటప్పుడు ఒక్కసారే చిరునామాగా మార్చుకుంటుంది. తర్వాత చిరునామా మారితే దానికి తెలియదు, మనమే మళ్లీ లేపాలి.

ఇవన్నీ నేర్చుకోవడానికి సర్వర్ అద్దెకు తీసుకోవాల్సిన పనిలేదు. సెంటినరీ కాలనీ జేఎన్‌టీయూ కాలేజీ పిల్లలైనా మరెవరైనా ఒక్క లినక్స్ ల్యాప్‌టాప్‌లోనే విడివిడి యంత్రాల్లా నడిచే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు రెండు పెట్టి, వాటి మధ్య వైర్‌గార్డ్ కలిపి, కావాలని తప్పులు చేసి చూడొచ్చు. 148 అంకె కంటి ముందు పెరగడం చూసినవాళ్లకు ఇక మాన్యువల్‌తో పెద్దగా పని పడదు.

ఏర్పాటు అయింది, తప్పులు తీరాయి, రెండేళ్లు గడిచాయి. అసలు కథ అప్పుడు మొదలవుతుంది.

ఆఫీసులో ఒక అసిస్టెంట్ చేరాడు, తన ఫోన్‌కూ ఒక కీ ఇప్పించుకున్నాడు. సీజన్ అయ్యాక మానేశాడు. కొడుకు ల్యాప్‌టాప్ మార్చాడు, పాతదాన్ని సెకండ్‌హ్యాండ్‌లో అమ్మేశాడు. సర్వర్ బాగు చేయడానికి ఒకసారి వచ్చిన స్నేహితుడికి ‘టెస్టింగ్ కోసం’ ఒక కీ. వైర్‌గార్డ్‌లో యూజర్‌నేమ్ లేదు, పాస్‌వర్డ్ లేదు, కీకి గడువు తేదీ లేదు. కీ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మనిషి. సర్వర్ ఫైలు తెరిస్తే 44 అక్షరాల కీల వరస కనిపిస్తుంది. అందులో ఏది ఎవరిదో సర్వర్‌కు తెలియదు, మనమే గుర్తుపెట్టుకోవాలి. రెండేళ్ల తర్వాత మనకూ గుర్తుండదు.

బొగ్గుబాయిలో ఈ సమస్యకు ఎప్పుడో చట్టం రాశారు. భూగర్భంలో పనిచేసేవాళ్ల రిజిస్టరు చూస్తే, ఏ క్షణంలోనైనా ఆ క్షణాన కింద ఎవరెవరున్నారో పేరుపేరునా తెలియాలని 1952 నాటి గనుల చట్టం 48వ సెక్షన్‌లో రాశారు. మొత్తం ఎంతమంది ఉద్యోగులన్నది చాలదు, ఇప్పుడు లోపల ఎవరన్నది కావాలి. షిఫ్టు దిగాక ల్యాంప్ రూములో ఒక దీపం తిరిగి రాలేదంటే మనిషి సంగతి తేలేదాకా వెతకాల్సిందే. వీపీఎన్ నడిపేవాళ్లకు కావాల్సింది ఈ లెక్కే. లోపల ఎవరున్నారు, బయటికి వచ్చిన మనిషి దీపం అప్పజెప్పాడా?

అప్పజెప్పకపోతే ఏమవుతుందో 2021లో అమెరికా చూసింది. ఆ మే 7న, దుండగులు తన కంప్యూటర్లలో చొరబడటంతో, కొలోనియల్ పైప్‌లైన్ కంపెనీ 8,850 కిలోమీటర్ల తన ఇంధన గొట్టపుమార్గాన్ని పూర్తిగా ఆపేసింది. తూర్పు తీరానికి పోయే పెట్రోలు, డీజిల్, విమాన ఇంధనంలో దాదాపు 45 శాతం దాని గుండానే పోతుంది. కొన్ని రోజుల పాటు బంకుల దగ్గర కార్లు బారులు తీరాయి. కంపెనీ 75 బిట్‌కాయిన్లు, అప్పటి విలువలో 44 లక్షల డాలర్లు, దుండగులకు చెల్లించింది. తర్వాత కొంత సొమ్ము ప్రభుత్వం రాబట్టింది. దర్యాప్తులో తేలింది ఇది: దుండగులు లోపలికి వచ్చింది ఒక పాత వీపీఎన్ ఖాతాతో. ఆ ఖాతాను ఎవరూ వాడటం లేదు, కానీ తీసేయలేదు. దానికి పాస్‌వర్డ్ ఒక్కటే రక్షణ, ఫోన్‌కు వచ్చే రెండో కోడ్ వంటిది లేదు. ఆ పాస్‌వర్డ్ బయట లీకైన జాబితాల్లో ఒకదానిలో ఉంది. ఆ పాత ఖాతాకు రెండో కోడ్ లేదని అప్పటి కంపెనీ అధిపతి జోసెఫ్ బ్లౌంట్ జూన్‌లో సెనేట్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. ఎన్‌క్రిప్షన్‌ను ఎవరూ ఛేదించలేదు. దాని జోలికి పోవాల్సిన అవసరమే రాలేదు.

వైర్‌గార్డ్‌లో పాస్‌వర్డ్ లేదు కాబట్టి ఊహించి కొట్టలేరు. అయితే అమ్మేసిన ల్యాప్‌టాప్‌లో ఫైలు అలాగే ఉంటే ఆ ల్యాప్‌టాప్ కొన్నవాళ్ల దగ్గర మీ ఆఫీసు తాళంచెవి ఉన్నట్టే.

కీ తీసేయడంలోనూ ఒక మెలిక ఉంది. నడుస్తున్న వైర్‌గార్డ్ నుంచి కమాండ్‌తో కీ తీసేస్తే వెంటనే పోతుంది. కానీ ఫైలులో మిగిలిపోతే సర్వర్ రీస్టార్ట్ కాగానే మళ్లీ బతుకుతుంది. ఫైలులో మాత్రం తీసి ఊరుకుంటే నడుస్తున్నదాన్లో అలాగే ఉంటుంది. రెండు చోట్లా తీయాలి. ఫైలు మార్చి ‘సింక్‌కాన్ఫ్’ అనే కమాండ్ ఇస్తే మిగతావాళ్ల కనెక్షన్లు తెగకుండా మార్పు అమలవుతుంది. ‘సేవ్‌కాన్ఫిగ్’ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఇంకా చిక్కు. వీపీఎన్ ఆగేటప్పుడు అది నడుస్తున్న రూపాన్ని ఫైలు మీద రాసేస్తుంది, మీరు చేతితో చేసిన మార్పు గాలికిపోతుంది. చేతితో ఫైలు దిద్దే అలవాటున్నవాళ్లు దాన్ని ఆఫ్ చేసుకోవడమే మేలు.

ఒక్కో యంత్రానికి ఒక్కో కీ ఇవ్వాలి. ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ ఒకటే కీ పెడితే సర్వర్ ఎవరి నుంచి ఆఖరి ప్యాకెట్ వచ్చిందో వాళ్లకే జవాబులు పంపుతుంది, రెండూ ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. అంతకన్నా ముఖ్యం, ఫోన్ పోయినరోజు ఫోన్ కీ ఒక్కటే తీసేసి ఊపిరి పీల్చుకోవచ్చు. ఫైలులో ప్రతి పేరా పైన వ్యాఖ్యగా పేరు, యంత్రం, ఇచ్చిన తేదీ రాసి పెట్టండి. అంతకు మించిన సాఫ్ట్‌వేర్ చిన్న ఆఫీసుకు అక్కర్లేదు. రిజిస్టరు పుస్తకమైనా చాలు.

ఇక లోపల ఎవరున్నారన్న ప్రశ్న. ‘లేటెస్ట్ హ్యాండ్‌షేక్స్’ అని అడిగితే ప్రతి కీ చివరిసారి ఎప్పుడు పలికిందో వైర్‌గార్డ్ సెకన్లలో చెబుతుంది. ఆ అంకె 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లు. పక్కన సున్నా ఉంటే సర్వర్ లేచాక ఆ కీ ఒక్కసారీ రాలేదన్నమాట. నెలకోసారి ఈ జాబితాను, రిజిస్టరును పక్కపక్కన పెట్టి చూడాలి. పట్టే సమయం ఒక కప్పు చాయ్ తాగినంత.

మీరు ఇప్పటికే ఏదైనా వీపీఎన్ సర్వర్ నడుపుతుంటే ఆ జాబితా ఈ సాయంత్రమే తీయండి. ఎవరిదో పేరు చెప్పలేని కీ ఒక్కటి కనిపించినా, అడిగి కనుక్కుందామని ఆగకుండా తీసేయండి. అది నిజంగా అవసరమైనవాళ్లు పొద్దున్నే మీకు ఫోన్ చేస్తారు.